పండుగ అడ్వాన్సుకు కంతులు

వినాయక చవితి దాటితే చాలు, దినపత్రికల ఆదివారం అనుబంధాలకు ఒక పూనకం వస్తుంది. "పండుగల్లో బరువు పెరగకుండా పది చిట్కాలు" అని నిండు పేజీ వేస్తారు. కన్నడ పత్రిక కానివ్వండి, తెలుగుది కానివ్వండి, ఇంగ్లీషుది కానివ్వండి, పేజీ ఒక్కటే. పక్కన టేపుతో నడుము కొలుచుకునే అమ్మాయి ఫొటో. కొలవడానికి ఆ అమ్మాయికి నడుమంటూ ఉండదు. దసరాకు వచ్చిన పదీ దీపావళికి వస్తాయి, దీపావళికి వచ్చినవే సంక్రాంతికి వస్తాయి. మొన్నటి ఏడు మా బ్రాంచిలో కొత్తగా చేరిన కుర్రవాడొకడు ఆ పేజీని కత్తిరించి, టీ ఫ్లాస్కు పెట్టే బల్ల పైన గోడకు అంటించాడు. ఎవరిని ఉద్దేశించి అంటించాడో నాకు తెలియకపోలేదు.

చదవకుండా తిట్టడం నా అలవాటు కాదు. పదీ చదివాను. విందుకు పోయేముందు ఇంట్లోనే ఏదైనా తిని పొమ్మంటారు. పావగడ తాలూకాలో పండుగ పూట అక్క ఇంటికి కడుపు నింపుకొని పోయిన తమ్ముడు మళ్ళీ ఆ గడప తొక్కగలడా? చిన్న ప్లేటు తీసుకొమ్మంటారు. మాకు విస్తరి వేస్తారు, దాని కొలత మా చేతిలో లేదు. తీపికి బదులు సలాడ్ అడగమంటారు. పెసరబ్యాళ్ళు నానబెట్టి, దోసకాయ తరిగి, కొబ్బరి కోరి వేసిన కోసంబరి మా విస్తరిలో మొదటే పడుతుంది. ఆ పేజీ రాసినవారికి దాని పేరు తెలిసినట్టు లేదు. ఇక పదో చిట్కా, "వద్దు అని నవ్వుతూ చెప్పడం అలవాటు చేసుకోండి" అన్నది. దాని సంగతికి తర్వాత వస్తాను. దాని దగ్గర మా ఇంటి కథ ఒకటి ఉంది.

నా తగాదా ఇది. ఈ పేజీలన్నీ పండుగను దొంగగా పట్టిస్తాయి, ఏడాదిలో మిగిలిన రోజుల్ని పెద్దమనుషులుగా సాక్ష్యానికి పిలుస్తాయి. దొంగ ఆ పెద్దమనుషుల్లోనే కూర్చున్నాడని నేనంటాను.

నేను డాక్టర్ని కాను. బి.కాం. చదివి ముప్పై మూడేళ్ళుగా బ్యాంకులో పని చేస్తున్నవాణ్ణి. ఆరేళ్ళ కిందట నాకు షుగరు ఉందని తేలింది. అప్పుడు నా బరువు 84 కిలోలు, నడుము 102 సెంటీమీటర్లు. ఎవరి మాటా వినకుండా మొదట నేను చేసింది నాకు చేతనైన పనే. ఒక పాత లెడ్జరు పుస్తకం తీసుకుని లెక్క రాశాను.

దీపావళికి, ఉగాదికి మా ఇంట్లో ఓళిగలు చేస్తారు. కిలో బ్యాళ్ళకు కిలో బెల్లం. మా ఆవిడ చేతికి దాదాపు నలభై ఓళిగలు అవుతాయి. అంటే ఒక్కోదానిలో బెల్లం 25 గ్రాములు. నేను ఎంత కక్కుర్తిపడినా పండుగకు నాలుగుకు మించి తిన్నది లేదు. ఏడాదికి ఓళిగల పండుగలు ఏడు అనుకుందాం, వరలక్ష్మీ వ్రతాన్ని కూడా కలిపి. ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది, ఇరవై ఎనిమిది ఓళిగలు, 700 గ్రాముల బెల్లం. ఇది ఒక పక్క. రెండో పక్క టీ. బ్యాంకులో పొద్దున రెండు, మధ్యాహ్నం రెండు, ఇంట్లో లేవగానే ఒకటి, పోగానే ఒకటి. ఆరు గ్లాసులు. ఒక్కోదానికి రెండు చెంచాలు, అంటే పది గ్రాముల చక్కెర. రోజుకు 60 గ్రాములు. ఏడాదికి దాదాపు 22 కిలోలు.

రెండు అంకెలూ ఒకదాని కింద ఒకటి వేసి చూశాను. 700 గ్రాములు, 22 కిలోలు. ముప్పై మూడేళ్ళ ఉద్యోగంలో ఇంత పెద్ద మొత్తం కళ్ళముందే పోతూ ఉంటే ఆడిట్‌లో ఎవరూ పట్టుకోకపోవడం నేను చూడలేదు. ఓళిగ తిన్నప్పుడల్లా ఇంటిల్లిపాదీ నా వైపు చూశారు. టీ తాగినప్పుడు ఒక్కరూ చూడలేదు. పైగా "సార్‌కు ఇంకో టీ తేరా" అన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన కొలత ఒకటుంది. పైనుంచి కలుపుకునే చక్కెర మొత్తం రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మేలని. నేను దాన్ని పొద్దున పదకొండు గంటలకే దాటేసేవాణ్ణి. అది ఏ పండుగా కాని మంగళవారం కూడా.

(బెల్లం మంచిది, చక్కెర చెడ్డది అనేవాళ్ళు ఇక్కడ చెయ్యెత్తుతారు. షుగరు జబ్బుకు సంబంధించినంతవరకు రెండూ ఒకే ఇంటి బిడ్డలు. రంగు తేడా.)

పండుగ మీద ఈ నింద ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే మా ఊళ్ళో పండుగ అంటే ఏమిటో చెప్పాలి. నేను పుట్టింది నాగలమడికె ఫిర్కాలో. మూడు పక్కలా ఆంధ్ర, మధ్యలో మేము. జిల్లా కేంద్రం తుమకూరు కంటే మాకు మడకశిర, కళ్యాణదుర్గం, పెనుకొండ, హిందూపురం దగ్గర. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడ. వాన కురిస్తే వేరుశెనగ, కురవకుంటే వలస. డెబ్భైల్లో నా చిన్నతనంలో మా ఇంట్లో "ఈ పొద్దు పండగ" అంటే దానికి ఒకటే అర్థం, ఈ పొద్దు బియ్యం బువ్వ. ఓళిగ సంగతి అటుంచండి. తెల్లటి అన్నమే మాకు పండుగ. మిగతా రోజులు రాగి సంగటి, కొర్రన్నం, సామలు, ఎప్పుడన్నా ఆరికెలు. సంగటిలోకి ఊరిబిండో, ఉలవచారో, చేల గట్ల మీద కోసుకొచ్చిన ఆకుకూరో. ధనుర్మాసం వచ్చిందంటే అనపకాయలు. పితికిపప్పు కూర ఉడుకుతుంటే వీధి చివరికి వాసన వచ్చేది.

1983లో గట్టు అవతల రామారావుగారు రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చారు. నాకప్పుడు పదిహేనేళ్ళు. మడకశిర పక్క ఉన్న మా చిన్నమ్మ ఇంట్లో రోజూ బియ్యం బువ్వ అని విని, సెలవులకు అక్కడికే పోతానని నేను ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ గుర్తు. తర్వాత ముప్పై ఏళ్ళకు, 2013లో, ఇక్కడ అన్నభాగ్య వచ్చింది. ఆ పథకాల్ని నేను ఆక్షేపించను. ఆకలి చూసినవాడెవడూ ఆక్షేపించడు. చెప్పొచ్చేది ఏమిటంటే, మా నాయన పండుగనాడు తిన్న అన్నాన్ని నేను రోజుకు మూడు పూటలూ తింటున్నాను. పండుగ వంట పండుగనుంచి బయటికి వచ్చి వారమంతా పరుచుకుంది. పొద్దున చిత్రాన్నం, మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం. నాలుగు గంటలకు బస్టాండు దగ్గర బజ్జీలు. ఒకప్పుడు కజ్జికాయలకూ నిప్పట్లకూ దీపావళికొక్కసారి పొయ్యి మీద నూనె బాణలి ఎక్కేది. ఇప్పుడు అది పావగడ వీధుల్లో దిగేదే లేదు. అందులోనూ తమాషా చూడండి, వేరుశెనగ పండే గడ్డ మాది. కాయలు మండీకి పోతాయి, ఇంటికి పామాయిలు ప్యాకెట్టు వస్తుంది.

ఇలా 360 రోజులూ పండుగ చేసుకుని, అసలు పండుగ వచ్చిన అయిదు రోజులూ పత్రిక చేతపట్టుకుని భయపడుతున్నాం. ఓళిగ ముందు పాపం చేసినవాళ్ళలాగా కూర్చుంటున్నాం.

ఇప్పుడు పదో చిట్కా. నవ్వుతూ వద్దనడం.

మా వైపు విస్తరి ముందు కూర్చున్నవాడు వద్దంటే అది వద్దని కాదు. వడ్డించేవాళ్ళకు అది మొదటి మెట్టు. "వద్దక్కా" అంటే "ఏమిరా, చెయ్యి బాగలేదా?" అంటుంది. "చాలక్కా" అంటే "పండగ పూట ఒగటి తింటే ఏమైతాదప్పా" అంటుంది. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోస్తుంది. ఇది చూసి పట్నం పిల్లలు మనవాళ్ళకు మర్యాద తెలియదంటారు. నేనలా అనను. 1876-78 నాటి ధాత కరువులో ఈ సీమలో, అటు రాయలసీమలో, ఇటు మైసూరు సంస్థానంలో, ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. మా అవ్వకు వాళ్ళ అవ్వ చెప్పిన కథలు మా అమ్మ దాకా వచ్చాయి. తిండి లేక మనుషులు రాలిపోయిన చోట, ఇంటికి వచ్చినవాడి ఆకులో ఇంకొకటి వేయడం కంటే పెద్ద మాట ఏముంటుంది? నువ్వు బతకాలి అని చెప్పే మాట అది. మాకు వేరే మాట రాదు.

ఆ మాటే మా బావగారి విషయంలో ఎటు పోయిందో చెబుతాను.

మా అక్క మొగుడు. పదమూడేళ్ళుగా షుగరు. మనిషి సన్నంగా ఉంటాడు, పొట్ట మాత్రం ముందుకు. ఇక్కడ ఒక మాట. మనం లావు లేము కదా, మనకేం భయం అనుకునేవాళ్ళు పుణె డాక్టరు యాజ్ఞిక్ సంగతి వినాలి. ఆయనా, ఇంగ్లండు డాక్టరు యుడ్కిన్ అనే ఆయనా పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఫొటో 2004లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. ఎత్తుకు తగ్గ బరువు లెక్క ఇద్దరిదీ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం ఆ తెల్లాయనకు 9.1 శాతం, మన ఆయనకు 21.2 శాతం. అందుకే మన దేశంలో కాటా కంటే టేపు నిజం చెబుతుంది. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే జాగ్రత్తపడాలి. మా బావగారు కాటా ఎక్కి "అరవై రెండే" అని దిగేవారు.

ఆయనకు ఊరిలో అందరూ పెట్టిన పేరు "పథ్యం ఆయప్ప". పండుగ వస్తే ఆయనకు వేరే విస్తరి. అందరికీ ఓళిగ, ఆయనకు రెండు చపాతీలు. పట్నంలో ఒక ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన కాగితం ఒకటి ఇంట్లో గోడకు కొట్టి ఉండేది. ఇంగ్లీషులో ఉంది. ఓట్స్, బ్రౌన్ బ్రెడ్, స్కిమ్డ్ మిల్క్, బేక్డ్ ఫిష్. కన్నడ చదువుకున్న, తెలుగు మాట్లాడే, ఇంగ్లీషు రాని మా అక్క ఆ కాగితానికి పసుపూ కుంకుమా పెట్టలేదు, అంతే తక్కువ. అందులో సంగటి గురించి లేదు. ఉలవచారు గురించి లేదు. రోజూ తినేదాన్లో ఎంత తినాలో లేదు. కాబట్టి ఆ కాగితం లెక్కన చూస్తే మా బావగారు మామూలు రోజుల్లో ఏం తిన్నా తప్పు లేదు. మూడు పూటలా అన్నం తిన్నారు. రచ్చకట్ట మీద అయిదారు టీలు తాగారు. ఆ టీల గురించి ఆ ఇంట్లో ఎవరూ పోట్లాడలేదు. పండుగనాడు మాత్రం ఓళిగ గురించి రామరావణ యుద్ధం. పిల్లలు చూస్తుండగా, అల్లుడు చూస్తుండగా, "నీకు లేదు, తినగూడదు" అని చెయ్యి పట్టుకునేవారు. ఆయన లేచిపోయేవారు. సాయంత్రానికి జాలేసి, నేనో, మా మేనకోడలో, దొంగతనంగా రెండు తీసుకపోయి ఇచ్చేవాళ్ళం. దొంగతనంగా ఇచ్చేది రెండుతో ఆగదు. ఒక దీపావళికి ఆయన వాకిట్లో చీకట్లో నిలబడి, గోడవైపు తిరిగి తినడం నేను చూశాను. అరవై ఏళ్ళ మనిషి. ఆ పళ్ళెం తీసుకపోయి ఇచ్చింది నేనే.

మూడేళ్ళ కిందట పుష్యమాసంలో నాగలమడికె సుబ్రహ్మణ్యస్వామి తేరుకు చెప్పుల్లేకుండా నడిచొస్తానని మొక్కుకున్నారు. నడిచారు. జాలిముల్లు గుచ్చుకుంది. ఆయనకు తెలియలేదు. పాదాలకు స్పర్శ పోయి ఎన్నాళ్ళయిందో ఎవరికీ తెలియదు, ఆయనకూ తెలియదు. వారం తర్వాత పంచెకు చీము అంటితే మా అక్క చూసింది. ఎడమ కాలికి రెండు వేళ్ళు తీసేశారు.

ఊరంతా ఏమందో తెలుసా? "పండగ పండగకూ ఓళిగలు తిన్నాడు, దేవుడు చూపించినాడు" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఏడాదికి పాతిక ఓళిగలు తిన్నందుకు వేళ్ళు పోవు. పదమూడేళ్ళు ప్రతి రోజూ ప్రతి పూటా కాస్త కాస్తగా పోయాయి. ఆ పూటల్ని ఎవరూ లెక్క రాయలేదు.

ఇది మా ఒక్క ఇంటి కథ అయితే పత్రికకు ఎక్కించేవాణ్ణి కాను. భారత వైద్య పరిశోధనా మండలి అన్ని రాష్ట్రాల్లో ఇళ్ళకు తిరిగి చేసిన సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. షుగరు ఉన్నవారు 10 కోట్ల 10 లక్షలు. దాని అంచున నిలబడ్డవారు ఇంకో 13 కోట్ల 60 లక్షలు. పొట్ట పెరిగినవారు 35 కోట్ల పైన. ఇంతమందీ మైసూరుపాకు తినే ఇలా అయ్యారా?

మా తాలూకాలో నడిచి పని చేసే అవకాశం ఎట్లా పోయిందో కూడా చెప్పాలి. తిరుమణి, వళ్ళూరు, బాలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు, ఈ అయిదూళ్ళ నేలలో దాదాపు 13,000 ఎకరాల్లో సోలార్ పార్కు ఉంది. 2018 మార్చిలో ప్రారంభించారు. 2,050 మెగావాట్లు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలుతో మొదలు. ఆ డబ్బు పడే పాసుపుస్తకాలు నా చేతిమీదుగా పోయాయి. బీడు పడ్డ భూమికి నికరంగా డబ్బు వస్తే ఎవడు వద్దంటాడు, రైతులను నేను తప్పు పట్టను. కానీ ఆ నేలలో దుక్కి లేదు, కలుపు లేదు, కాయ పెరకడం లేదు, గొర్రెల వెంట నడక లేదు. ఎండలో అద్దాలు పని చేస్తాయి, నీడలో మనుషులు కూర్చుంటారు. పొద్దున పది గంటలకు ఆ పక్క ఊళ్ళలో టీ అంగడి ముందు చూస్తే బెంచీ ఖాళీ ఉండదు. వాళ్ళకు ఆ పత్రిక పేజీ ఏమంటుంది? "రోజుకు పదివేల అడుగులు వేయండి." వేస్తారు. మా బోరుబావి నీళ్ళలో ఫ్లోరైడు తాగి తాగి మోకాళ్ళు బిగుసుకుపోయిన ముసలివాళ్ళకు కూడా ఇదే చెప్పి రమ్మనండి.

పండుగకు బరువు పెరగడం అబద్ధమా అంటే, అబద్ధం కాదు. అమెరికావాళ్ళు తూచి చూశారు. 2000 సంవత్సరంలో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. 195 మంది పెద్దవాళ్ళను, వాళ్ళ పెద్ద పండుగలు మొదలయ్యే నవంబరు చివరినుంచి కొత్త సంవత్సరం దాకా తూచారు. సగటున పెరిగింది 370 గ్రాములు. వాళ్ళు మాత్రం తాము దానికి నాలుగింతలు పెరిగామనుకున్నారు. భయం ఎంత ఎక్కువ తూగుతుందో చూడండి. అయితే ఆ చిన్న మొత్తం తర్వాత వేసవి వచ్చినా తగ్గలేదు. ఏడాదికి మొత్తం పెరుగుదల దాదాపు అర కిలో. పాతికేళ్ళకు పన్నెండు కిలోలు. పెళ్ళినాటి ఫొటో చూసుకున్న ప్రతి గుమాస్తాకూ ఈ లెక్క తెలుసు.

దీన్ని చూపించి "అదిగో, పండుగే" అంటారు. నాకు మా బ్యాంకు పండుగ అడ్వాన్సు గుర్తొస్తుంది. మాకు పండుగకు వడ్డీ లేని అడ్వాన్సు ఇస్తారు. పది నెలల్లో పది కంతులుగా జీతంలో కోసుకుంటారు. పాతది తీరందే కొత్తది రాదు. అందువల్ల ఆ అడ్వాన్సు తీసుకుని కొంప ముంచుకున్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు. 370 గ్రాములు కూడా అటువంటి అడ్వాన్సే. తీసుకోవడం తప్పు కాదు. మిగతా పదిన్నర నెలల్లో 370 గ్రాముల కంతు కట్టలేని బతుకు బతకడంలో ఉంది లోపం. ఆ నెలల మీద ఒక్క పేజీ రాయరు. జ్యేష్ఠమాసంలో మామూలు బుధవారం ఏం తినాలో ఏ అనుబంధమూ చెప్పదు. ప్రకటనలు దొరకవు కాబోలు.

ఇంతవరకు చదివి "చూశారా, మన పెద్దలు ఎంత తెలివైనవారో, ఏకాదశి ఉపవాసాలు, శివరాత్రి జాగరణలు, అంతా సైన్సు" అని మీసం తిప్పేవారు మన పాఠకుల్లోనే ఉంటారు. వారితోనూ నాకు పేచీ ఉంది. మా నాయన కంతు కట్టింది జ్ఞానంతో కాదు, లేమితో. ఆయన సంగటి తిన్నది బియ్యం లేక. కపిలె తోలింది మోటారు లేక. ఆ పేదరికాన్ని ఇప్పుడు ఆరోగ్య సూత్రమని పొగడటం నాకు చేతకాదు. పైగా శివరాత్రి ఉపవాసం సాయంత్రానికి మనవాళ్ళు తినే సగ్గుబియ్యం ఉప్మా, ఖర్జూరాలు, రసాయనాలు చూస్తే మామూలు భోజనమే నయం.

చిరుధాన్యాల వ్యాపారులు ఇంకో తెగ. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం అన్నది మొదలు, మా అవ్వ తిన్న కొర్రలకు బెంగుళూరులో రంగు సంచీ, మూడింతల ధర వచ్చాయి. రాగి బిస్కెట్టు అంటారు. తిప్పి చదివితే మైదా ముందు, చక్కెర తర్వాత, రాగి ఎక్కడో చివర. రాగులు మంచివే. 100 గ్రాముల్లో 360 మిల్లీగ్రాముల దాకా సున్నం, తెల్లబియ్యానికి మూడు నాలుగింతల పీచు. కానీ కేలరీలు చూస్తే రాగులకు దాదాపు 320, బియ్యానికి 355. తేడా అంతే. మా నాయన రెండు ముద్దలు తిని పొద్దుగూకే దాకా కపిలె తోలినాడు. నేను రెండు ముద్దలు తిని ఏ.సి.లో కూర్చుంటే ఆ ముద్దలు ఎక్కడికి పోతాయి? సంగటి తిన్నానన్న గర్వంతో రెండు నెలల్లో నాకు షుగరు పెరిగింది కూడా. ఇప్పుడు ఒక ముద్ద, చిన్నది. పక్కన గిన్నెడు ఉలవచారో, పప్పుకూరో, ఆకుకూరో. సంగటి కంటే కూర ఎక్కువ. టీకి చక్కెర మానేశాను. మొదటి నెల కషాయం తాగినట్టుంది, రెండో నెలనుంచి చక్కెర టీ నోట్లో పెట్టుకోలేకపోయాను. బ్యాంకునుంచి ఇంటికి నడక, రెండు కిలోమీటర్లు. మాత్రలు డాక్టరు చెప్పినట్టే వేసుకుంటున్నాను, మానలేదు. మొదటి ఏడాదికి 84 కిలోలు 78 అయింది. నడుము 95. ఇంకా 90కి రాలేదు. ఓళిగ ఒక్కటీ మానలేదు. నాలుగు రెండయ్యాయి, అంతే. అవి అందరి ముందూ విస్తరిలో తింటున్నాను.

దీపావళికి బ్యాంకుకు వచ్చే స్వీటు బాక్సుల గురించి ఒక మాట. పార్టీలనుంచి పెన్ను పుచ్చుకుంటే విజిలెన్సు అడుగుతుంది. కిలో బాక్సు పుచ్చుకుంటే అడగదు. అది పండుగ తిండి కాదు. ఎవరి అక్కా చెయ్యి కాల్చుకుని చేసింది కాదు. ఏ దేవుడికీ చూపించింది కాదు. దాన్ని బల్ల మీద తెరిచి పెట్టి, దారిన పోతూ వారం రోజులు ఒక్కో ముక్క నోట్లో వేసుకుంటాం. రెండేళ్ళుగా మా బ్రాంచికి వచ్చినవి వచ్చినట్టే మూతలు తియ్యకుండా హాస్టలు పిల్లలకు పంపిస్తున్నాను. స్టాఫు నన్ను లోపల తిట్టుకుంటున్నారు. తిట్టుకోనీండి.

వడ్డించే అక్కలకూ వదినలకూ నా విన్నపం వేరుగా ఉంది. షుగరు ఉన్న మనిషికి వేరే విస్తరి వేయకండి. అందరి పంక్తిలోనే కూర్చోబెట్టండి. కోసంబరి, పల్యం, పప్పు ముందు వడ్డించి తిననివ్వండి, అన్నం తర్వాత రానివ్వండి. ఓళిగ ఎన్ననేది డాక్టరును అడిగి ముందే ఇంట్లో మాట్లాడుకోండి. ఒకటో, అరో. అది పెట్టండి, మర్యాదగా, నెయ్యి చుక్క వేసి. తర్వాత అడగకండి. వద్దనే భారం తినేవాడి మీద వేసి, మళ్ళీ వద్దంటే అలిగితే ఆ మనిషి ఎటు పోవాలి? పదో చిట్కా చెప్పాల్సింది తినేవాడికి కాదు. మరునాడు మిగిలిన పూర్ణం, చల్లారిన ఓళిగలు, ఇవి అయిపోవాలి కాబట్టి తినడం అనే సంప్రదాయం ఒకటుంది మనకు. అది మానండి. ఉగాది మరునాటి హొసతొడకు మాంసానికి నేను అడ్డు రాను. దానికి ముందు రోజు తీపిని తోడు తేకండి.

ఇంకొకటి, ఆసుపత్రులవారికి. మా తాలూకాలో ఇచ్చే పథ్యం కాగితం కన్నడలో అచ్చువేయండి, చదవగలరు. కానీ అందులో సంగటి అని, ఊరిబిండి అని, ఉలవచారు అని, అనపగింజలు అని మా ఇంటి పేర్లు రాయండి. ముద్ద ఎంత లావుండాలో బొమ్మ గీయండి. కాళ్ళు రోజూ చూసుకొమ్మని అన్నిటికంటే పైన పెద్ద అక్షరాల్లో వేయండి.

మొన్న ఉగాదికి అక్క ఇంటికి పోయాను. బావగారికి మా పక్కనే విస్తరి వేశారు. ఆయన కాలికి సాక్సు, ఆసుపత్రి చెప్పు. పప్పు, బీన్సు పల్యం అయ్యాక అక్క వచ్చి ఆయన ఆకులో ఒక ఓళిగ వేసి, నెయ్యి వేసి, గంప ఎత్తుకుని లోపలికి పోయింది. ఆయన దాన్ని నాలుగు ముక్కలు చేసి, మా మనవడితో మాట్లాడుతూ, పావుగంట తిన్నారు. అయిపోయాక వంటింటి వైపు చూశారు. అక్క తొంగి చూసింది, గంప తేలేదు.

"కట్టుచారు ఉందా?" అని అడిగారు.

"కడవకుండా ఉంది, ఎంత కావాల?" అంది.